నూట ముప్పై ఏడో నమూనా

నా నూట ముప్పై ఏడో నమూనా చచ్చిపోయిన పది నెలలకి నాకు ఇంటర్వ్యూ ఇచ్చింది. ఇరవై ప్రశ్నలకీ జవాబు చెప్పింది, మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. దగ్గుందా అంటే లేదంది. ఆయాసముందా అంటే అదెక్కడిదంది. పోయిన ఏడాదిలో ఒంట్లో బాగోక పనికి రాని రోజులెన్ని అంటే ఒక్కటీ లేదని వేలు ఊపి మరీ చెప్పింది. పేరు రాజ్యం, పని మిరపకాయలకి తొడిమలు తీయడం, చదువు ఐదో తరగతి. నేను శ్రద్ధగా టిక్కులు కొట్టుకున్నాను. అసలు సంగతి నాకు తెలిసి ఇవాళ్టికి ఎనిమిది రోజులు. అది తెలియని పెద్దమనుషులు ఇంకాసేపట్లో ఆ తలుపు వెనక కూర్చుని నన్ను డాక్టర్ మహిమని చేయబోతున్నారు. వైవా పదిన్నరకి అన్నారు. పదిన్నరయింది. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ సంజీవరావు గారి రైలు నల్లపాడు దగ్గర సిగ్నల్ లేక ఆగిపోయిందట, ఆయనొచ్చేసరికి గంట పడుతుందట. ఒక గంట. డిపార్ట్‌మెంటు వరండాలో, ఒక కాలు పొట్టిదైన ఈ బెంచీ మీద, ఐదేళ్ళ థీసిస్సు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అట్ట మీద బంగారు అక్షరాల్లో నా పేరుంది. కొంచెం కదిలితే చాలు బెంచీ అటు ఒరుగుతుంది, అవతలి కొసన ఎవరో లేచినట్టో కూర్చున్నట్టో ఉంటుంది. అవతలి కొసన ఎవరూ లేరు. నాలుగుసార్లు చూశాను.

అటెండర్ కోటేష్ జీడిపప్పు ప్లేట్లు పట్టుకుని లోపలికి పోతూ, ‘భోజనాలు పన్నెండున్నరకే చెప్పారా మేడమ్, చికెన్ బిర్యానీయేనా’ అని అడిగాడు. అవునన్నాను. పరీక్ష చేసేవాళ్ళకి పరీక్షకి కూర్చునేవాళ్ళే భోజనం పెట్టాలి, ఇదీ మా దగ్గరి మర్యాద. దీని మీద ఎవరూ థీసిస్ రాయరు. నేను రాసింది మిరప షెడ్లలో ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి, దుమ్ముకీ దగ్గుకీ, దగ్గుకీ పని మానడానికీ ఉన్న సంబంధం గురించి. నాలుగు షెడ్లు, ఆరు వందల పద్నాలుగు పేర్లు, అందులోంచి రెండు వందల నలభై. పేర్లు నా ఇష్టానికి ఏరుకోలేదు, అబ్బో, నేనా, అంత తప్పు చేస్తానా? యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ముందు పెట్టుకుని, కళ్ళు మూసుకుని పెన్సిలు ఆనించి, అక్కడ్నించి వరసగా తీశాను. ప్రతి పేరుకీ సమానమైన అవకాశం. మొదటి ఏడాది క్లాసులో మా గైడు శ్యామ్ సుందర్ గారు బోర్డు మీద రాసిన మాట అది, దాన్ని నేను బైబిలు వాక్యంలాగా కంఠతా పట్టాను. ప్రతి పేరుకీ. ప్రతి మనిషికీ అని ఆయన రాయలేదు, నేనే అనుకున్నాను. షెడ్డు ఆఫీసువాళ్ళు ఇచ్చిన జాబితాలో పేర్లుంటాయి గానీ మనుషులుంటారని ఎవరు చెప్పారు నాకు? నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఎనిమిది రోజుల కిందట షెడ్డుకి స్వీటు పెట్టెలు పట్టుకుపోయాను. వైవా తేదీ ఖాయమైందని, నాకు జవాబులు చెప్పినవాళ్ళందరికీ తలా ఒక పెట్టె ఇవ్వాలని నా సరదా. మధ్యాహ్నం అన్నాలు తినే వేళ. షెడ్డు బయట రేకుల నీడలో ముఠా అంతా కూర్చున్నారు, ఇరవై ఇద్దరు, మూతులకి కట్టుకున్న తువ్వాళ్ళు మెడల మీదకి దించుకుని, టిఫిన్ క్యారియర్లు తెరుచుకుని. ముఠా మేస్త్రి జానీబీ పిన్ని నన్ను చూసి ‘ఏందమ్మా, పెళ్ళా?’ అంది, అందరూ నవ్వారు. నేను జాబితా తీసి, బళ్ళో టీచరమ్మలాగా, పేర్లు పిలవడం మొదలుపెట్టాను. పిలిచినావిడ లేచి వచ్చి పెట్టె తీసుకుంటోంది. రాజ్యం అన్నాను. ‘ఉంది’ అంది జానీబీ పిన్ని, కూర్చున్న చోటి నుంచే, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాను. అప్పుడు చివరన కూర్చున్న ఒక పిల్ల లేచింది. సన్నగా ఉంది, పద్దెనిమిదికి మించి ఉండవు. తర్వాత తెలిసింది, పేరు శాంతి అని. వచ్చి చెయ్యి చాపింది. నువ్వు రాజ్యానివా అంటే, ‘అమ్మ పేరు మేడమ్. అమ్మ చచ్చిపోయి రెండేళ్ళయింది’ అంది, బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా. నా ఫారం మీద తేదీ నాకు గుర్తే, పద్నాలుగు నెలల కిందటిది. లెక్క ఎంతసేపు, వేళ్ళ మీద అయిపోయింది. అన్నాలు తినేవాళ్ళందరి చేతులూ ఆగిపోయాయి.

అన్నాలయ్యాక జానీబీ పిన్ని నన్ను పక్కకి తీసుకెళ్ళింది, గోడవార టిక్కీలు పేర్చిన చోటికి. ఆ మిరప బస్తాల మధ్య మామూలు మనిషి రెండు నిమిషాలు నిలబడలేడు. నేను తుమ్ముతూ, ముక్కు తుడుచుకుంటూ ఆవిడ మాటలు విన్నాను. కొత్త పేర్లు రాసుకోవడం ఎప్పుడో ఆపేశారమ్మా, తొడిమలు తీసే మిషన్లొస్తున్నాయంటగా, ఒక పేరు పోతే ఆ చోటు పోయినట్టే. అందుకని పేరు పోనియ్యం. రాజ్యం పోయేనాటికి పిల్లకి పదహారు, పద్దెనిమిది నిండందే షెడ్లో కాలు పెట్టనియ్యరు. అంతదాకా పొద్దున్నే పేరు పిలిస్తే నేను ఉంది అనేదాన్ని. దాని తట్ట మేం ఇరవై ఒక్కమందిమీ తలా రెండు దోసిళ్ళేసి నింపేవాళ్ళం. ఇప్పుడు ఆ పిల్లే వచ్చి వాళ్ళమ్మ చోట్లో కూర్చుంటంది, రాజ్యం అంటే ఉన్నానంటది. రాజ్యం ఒక్కతేనా పిన్నీ అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. ‘మా ముఠాలో నలుగురు’ అంది. ‘మిగతా ముఠాల సంగతి నాకు తెలవదు’ అంది. మరి నా ప్రశ్నలకి జవాబు చెప్పిందెవరు అంటే నా మొహంలోకి చూసి, ‘నువ్వు రాజ్యం కావాలన్నావు. రాజ్యం చోటు ఏం చెప్పాలో అదే చెప్పా. చచ్చిపోయిందని ఆ కాయితంలో రాసుకుంటే నీ కాయితం ఆఫీసుకి పోదూ?’ అంది. పోయిన రోజు సంగతి కూడా చెప్పింది. పెద్దాసుపత్రిలో తెల్లవారుజామున పోయిందట రాజ్యం, దగ్గీ దగ్గీ. ఆ పొద్దున కూడా మస్టర్లో హాజరు పడింది.

పదీ నలభై. వరండా చివర ఫ్యాను టకటకమంటోంది. ఇరవైకి ఇరవై. ఆరోగ్య సూచిక అని ఒకటి తయారుచేశాను నేను, ఇరవై ప్రశ్నలు, మంచి జవాబుకి ఒక మార్కు. రెండు వందల నలభై మందిలో ఇరవైకి ఇరవై వచ్చింది ఒక్క రాజ్యానికే. మొత్తం నా పరిశోధనలో అందరికన్నా ఆరోగ్యంగా ఉన్న మనిషి చచ్చిపోయిన మనిషి. మరి చచ్చినవాళ్ళకి దగ్గెందుకుంటుంది, నడుంనొప్పి ఎందుకుంటుంది? మూడో అధ్యాయంలో ఆ మార్కుల పటం వేశాను, నీలం చుక్కలు, కుడి చివర పైన ఒంటరిగా ఒక చుక్క. ఆ చుక్కని చూసి శ్యామ్ సుందర్ గారు మెచ్చుకున్నారు కూడా, చూశావా, ఈ పనిలో ఉండి కూడా ఇంత ఆరోగ్యంగా ఉండొచ్చన్నమాట అని. నేను పళ్ళికిలించాను. ఇప్పుడు ఆ పేజీ తెరవలేను. తెరవకపోయినా అది అక్కడే ఉంటుంది, ఒళ్ళో, నూట పదకొండో పేజీలో. నాకు రాజ్యం మొహం తెలీదు, శాంతి ఫోన్లో ఆధార్ కార్డు ఫోటో చూపించింది గానీ అందులో నల్లగా ఒక మచ్చ తప్ప ఏమీ కనపడలేదు. ఎనిమిది రోజులుగా కళ్ళు మూస్తే ఆవిడ వస్తోంది, మొహం లేకుండా, తువ్వాలు కట్టుకుని, పై భాగంలో జానీబీ పిన్ని కళ్ళతో. అమ్మా రాసుకో, ఒక్క రోజు కూడా మానలేదు అంటుంది. నాకు ఏడుపొస్తుంది. కాదు, భయమేస్తుంది. ఏడుపు తర్వాత.

ఒక్క మనిషి గోలయితే ఇంత గోల లేదు. ఫోన్ చేసి చెబితే శ్యామ్ సుందర్ గారు విసుక్కున్నారు. ‘ఒక్క వరస తీసేస్తే కొంప మునగదు మహిమా. డిలీట్ చేసి, రెండు వందల ముప్పై తొమ్మిదని దిద్దుకుని ఊరుకో. ఈ టైములో ఎవరికీ చెప్పకు’ అన్నారు. తీసేశాను నిన్న మధ్యాహ్నం. ఎక్సెల్లో నూట ముప్పై ఏడో వరస మీద నొక్కి డిలీట్ అన్నాను, నూట ముప్పై ఎనిమిది పైకి జరిగి ఆ చోట్లో కూర్చుంది. అంతే. ముఠాకి రెండేళ్ళుగా మనసొప్పని పని నాకు అర సెకనులో అయిపోయింది. మళ్ళీ లెక్క కట్టాను. పీ వేల్యూ నలభై ఒకటి దగ్గర ఉండేది, నలభై రెండయింది, అదీ పాయింటు తర్వాత. పాయింటు తర్వాత సున్నా ఐదు లోపుంటే గానీ ఏ సంబంధమూ తేలినట్టు కాదు, మనది ఎక్కడో ఆకాశంలో ఉంది. రాజ్యం ఉన్నా లేకపోయినా నా ఫలితంలో తేడా ఏమీ లేదు. ఆ సంగతి చూసి కంప్యూటరు ముందు నోట్లో కొంగు కుక్కుకున్నాను. వరసని మళ్ళీ వెనక్కి తెచ్చాను, కంట్రోల్ జెడ్ నొక్కి. ఒక మనిషిని అలా చంపి, అలా లేపి, టీ పెట్టుకున్నాను.

అసలు దయ్యం ఆ ఫలితంలోనే ఉంది. దగ్గున్న ఆడవాళ్ళు ఏడాదికి సగటున మూడు రోజులు పని మానారు, దగ్గు లేనివాళ్ళూ మూడు రోజులే మానారు. కాబట్టి దగ్గుకీ పని మానడానికీ సంబంధం ఉందని తేలలేదు. తేలలేదు అని రాశాను నేను. తేలలేదంటే నాకు దొరకలేదని, అంతే, ఇంట్లో తాళంచెవి కనపడకపోతే తాళంచెవి లేదని కాదు. ఆ ముక్క నాకు తెలుసు, క్లాసులో జూనియర్లకి చెప్తాను కూడా. చివరి సారాంశంలో శ్యామ్ సుందర్ గారు ‘ఇంత నసుగుడు ఎందుకు’ అని సంబంధం లేదని తేలింది అని దిద్దారు. సంతకం నాది. ఆ సారాంశం రెండు పేజీలూ ఎలా వెళ్ళాయో షెడ్ల యజమానుల మీటింగుకి వెళ్ళాయి. టిక్కీల మధ్య నిలబడి జానీబీ పిన్ని చివరికి చెప్పింది ఇది. దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టమని ముఠాలన్నీ కలిసి ఓనర్ని అడిగారట. ‘నీ కాయితమే చూపించాడమ్మా. యూనివర్సిటీవాళ్ళే తేల్చారు, దగ్గొచ్చినోళ్ళూ రానోళ్ళూ ఒకేలా పని చేస్తున్నారంట, ఇంక మీకు ఫ్యాన్లెందుకన్నాడు.’ తిట్టలేదు నన్ను. తిడితే బాగుండేది. చేతిలో స్వీటు పెట్టె పట్టుకుని ఉంది, దాని దారం విప్పలేదు.

ఫోన్ మోగింది. అమ్మ. మా అమ్మ ప్రేమమ్మ, ఆవిడ కూడా ఇరవై ఏళ్ళు తొడిమలు తీసింది, మోకాళ్ళు పోయాక మానేసి ఇప్పుడు చర్చిలో స్త్రీల కూడిక చూసుకుంటుంది. ‘ఇంకా పిలవలేదా? నేను మోకాళ్ళ మీదే ఉన్నాను పొద్దుట్నించి. పాస్టరు గారికి చెప్పా, ఆదివారం సాక్ష్యం చెప్తానని. మహిమ డాక్టరయిందని చెప్తా’ అంది. అమ్మా, ఆ డాక్టరు కాదు ఈ డాక్టరు అని ఎన్నిసార్లు చెప్పినా వినదు. ఎందుకు అడిగానో తెలీదు, అడిగేశాను. ‘అమ్మా, నీకు టైఫాయిడ్ వచ్చిన ఏడు ఎన్ని రోజులు మానావు పనికి?’ అంది నా నోరు. అమ్మ వెంటనే, ‘నేనా? నేనెప్పుడు మానానే? ఒక్క రోజు కూడా మానలా’ అంది. ఇరవై రెండు రోజులు మంచంలో ఉన్నావు కదమ్మా అన్నాను. ‘మంచంలో ఉంటే? పని మానలేదుగా. నా తట్ట ఏ రోజు ఆగింది?’ అంది, పౌరుషం కూడా వచ్చేసింది గొంతులోకి. తర్వాత నీళ్ళు తాగావా, బీపీ పెంచుకోకు, ప్రభువు చూసుకుంటాడు అని పెట్టేసింది. అమ్మ అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెబితే నాకు తెలుస్తుంది. ఆవిడ లెక్కలో మానడం అంటే తట్ట ఆగడం.

పదేళ్ళు నాకప్పుడు. అమ్మ ఒళ్ళు కాలిపోతోంది, లేవలేకపోతోంది. ఎవరూ పంపలేదు, నేనే పరిగెత్తాను షెడ్డుకి, అమ్మ రాదని చెప్పడానికి. పొద్దున్నే వరసగా నిలబడి ఉన్నారు ఆడవాళ్ళు, గుమస్తా పుస్తకం పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. ప్రేమమ్మ అన్నాడు. నేను నోరు తెరిచాను, మా అమ్మకి జ్వరం అనబోయాను. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా నోరు మూసేసింది, గట్టిగా, ముక్కుతో సహా. నా తల మీద నుంచి ఎవరో ఉంది అన్నారు. గుమస్తా తర్వాతి పేరుకి వెళ్ళిపోయాడు. ఆ అరచేతిలో ఏళ్ళ తరబడి ఇంకిపోయిన కారం ఉంది. నా పెదాలు వాచిపోయాయి, సాయంత్రం దాకా మండాయి, ఇంటికొచ్చి మంచినూనె రాసుకుని ఏడ్చాను. ఆ చెయ్యి ఎవరిదో ఇప్పటికీ తెలీదు. ఇది నాకు జరిగింది. నేను చదువుకుని తెలుసుకున్నది కాదు, నా నోటికి, నా పెదాలకి తెలిసిన సంగతి. అయినా ప్రశ్నావళి రాసేటప్పుడు, పోయిన ఏడాదిలో అనారోగ్యం వల్ల పనికి రాని రోజులెన్ని అని నున్నగా టైపు చేసుకున్నాను. చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నట్టు కూర్చున్నాను, మా అమ్మ కూతుర్ని కానట్టు. ఛీ.

ఇంకోటి ఉంది. ఎనిమిది రోజులుగా దాని చుట్టూ తిరుగుతున్నాను, ఇప్పుడు పదకొండయింది, ఇంకెంతసేపు తిరుగుతాను. జానీబీ పిన్నిని నేను నూట పన్నెండో నమూనాగా అప్పటికే ఇంటర్వ్యూ చేశాను, నాలుగు రోజుల ముందు. దగ్గుందంది, నిద్ర పట్టదంది, ఇరవైకి తొమ్మిది వచ్చాయి. ఆవిడ కుడి చూపుడువేలికి గోరు సగమే ఉంటుంది, తొడిమలు గిల్లీ గిల్లీ అరిగిపోయింది. తర్వాత రాజ్యం అని వచ్చి కూర్చున్న మనిషి, ఒక్క రోజు కూడా మానలేదని వేలు ఊపినప్పుడు, ఆ వేలికి గోరు సగమే ఉంది. చూశాను. చూశానండీ. తువ్వాలు పైన ఉన్న కళ్ళూ చూశాను. ఒక్క క్షణం నా పెన్ను ఆగింది. ఈ పనిలో అందరి గోళ్ళూ అరుగుతాయి, ఘాటుకి అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి అని నాకు నేనే చెప్పుకున్నాను. ఫార్ములా ప్రకారం రెండు వందల నలభై రావాలి, నెలాఖరుకి ఫెలోషిప్ గడువు, ఇంకా నూట మూడు ఫారాలు మిగిలి ఉన్నాయి. టిక్కు కొట్టాను. చచ్చిపోయిందని నాకు తెలీదు, నిజం, ప్రమాణం. కానీ నా ఎదురుగా ఉన్నది రాజ్యం కాదని తెలుసు. పేరు ఉంది, జవాబులున్నాయి, నాకు కావలసింది అంతే. షెడ్డు గుమస్తాకి కావలసిందీ అంతే.

మెట్ల మీద చప్పుడైతే లేచి నిలబడ్డాను. సంజీవరావు గారు కాదు, ఎవరో ఫీజు కట్టడానికి వచ్చిన పిల్లలు. మళ్ళీ కూర్చున్నాను, బెంచీ అటు ఒరిగింది. సరే, చెప్పేద్దాం అనుకుందాం. సర్, ఈ ఊళ్ళలో ముఠాలకి ఒక పద్ధతుంది, జబ్బు పడ్డవాళ్ళ చోటు ఖాళీ పెట్టరు, చచ్చిపోయినవాళ్ళ చోటు కూడా. కాబట్టి పని మానిన రోజులు అనేదాన్ని నేను కొలవలేదు, ముఠాల దయని కొలిచాను, అది అందరికీ ఒకేలా ఉంది. ఎంత బాగుంటుంది వినడానికి. సంజీవరావు గారు తలూపుతారు, గొప్ప పరిశీలన అంటారు, ఒక అధ్యాయం చేర్చమంటారు, ఆరు నెలల్లో పత్రికలో వేయిస్తారు. నేను ఇంకా పెద్ద డాక్టర్నవుతాను. ఆ కాగితం కూడా మొదటి కాగితం వెళ్ళిన దారినే వెళుతుంది. మర్నాడు పొద్దున ఓనరు ఆధార్ కార్డులు తెమ్మంటాడు, నలుగురి పేర్లు కొట్టేస్తాడు, రాజ్యం పేరు కొట్టేస్తాడు, శాంతి గేటు బయట నిలబడుతుంది. ‘మా పేర్లు చెప్పబాకమ్మా’ అంది జానీబీ పిన్ని, నేను బస్సెక్కుతుంటే, రెండుసార్లు. పోనీ నోరు మూసుకుని కూర్చుందాం. బిర్యానీ తిందాం. ఫ్యాన్లు రావు. నేను బస్సు కోసం నిలబడినప్పుడు శాంతి నా పక్కనే నిలబడి తువ్వాల్లోకి దగ్గింది, పొడిగా, లోపలి నుంచి, ఆపుకోలేక. షెడ్లో చేరి నలభై రోజులయిందట. ఎన్నాళ్ళ నుంచి ఈ దగ్గు అని అడిగాను. ఆ పిల్ల జానీబీ పిన్ని వైపు చూసి, నా వైపు తిరిగి, ‘దగ్గా? నాకేం దగ్గు లేదు మేడమ్’ అంది. ఇరవై ఒకటో మార్కు ఉంటే అదీ ఇచ్చేసేదాన్ని.

చెబితే ఆ పిల్ల చోటు పోతుంది, చెప్పకపోతే ఆ పిల్ల ఊపిరి పోతుంది. ఈ రెండిటి మధ్యా నేను గంట నుంచి ఇటూ అటూ ఒరుగుతున్నాను. ఈ ఫలితం చావాలి, ముఠా పేరు బయటికి రాకూడదు. తప్పు ఎవరో ఒకరిది కావాలి. వాళ్ళది కాకూడదు. ఇంకెవరున్నారు ఈ వరండాలో? ఫెలోషిప్పు, లెక్చరర్ పోస్టుకి పెట్టిన దరఖాస్తు, ఆదివారం అమ్మ చెప్పే సాక్ష్యం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి కళ్ళ ముందు నిలబడ్డాయి. ప్రార్థన చేద్దామని చేతులు కట్టుకున్నాను, ఒక్క మాటా రాలేదు. ఏమని చేస్తాను, సత్యమైన దేవుడితో అబద్ధం గురించి?

పదకొండూ ఇరవైకి సంజీవరావు గారు వచ్చారు, తెల్ల చొక్కా చెమటకి తడిసి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. ‘నల్లపాడులో గంట నిలబెట్టేశాడమ్మా. అబ్బ, ఏం ఘాటు, రైల్లో అందరం తుమ్ములే’ అంటూ నవ్వి లోపలికి వెళ్ళారు. పెద్దాయన, మంచి మొహం. మంచి మొహం కాకపోతే ఎంత తేలిగ్గా ఉండేదో. కోటేష్ వచ్చి పిలిచాడు. లోపల ఏసీ చల్లగా ఉంది, ఐదుగురు పెద్దలు, వెనక కుర్చీల్లో జూనియర్లు, తెర మీద నా మొదటి స్లైడు. గుడ్ మార్నింగ్ చెప్పాను. స్లైడ్లు జరిగాయి, నా నోరు దానంతటది మాట్లాడుతోంది, షెడ్లు, నమూనా, పద్ధతి, పట్టికలు. శ్యామ్ సుందర్ గారు నా వైపు చూసి చిన్నగా తలూపుతున్నారు, రెండు వందల ముప్పై తొమ్మిది అను, ఊరుకో అన్నట్టు. నేను రెండు వందల నలభై అన్నాను. అయిపోయింది. సంజీవరావు గారు థీసిస్సు తిరగేస్తూ కళ్ళజోడు సర్దుకున్నారు.

‘మహిమ గారూ, నలభై ఏళ్ళుగా సర్వేలు చూస్తున్నాను. కూలిపనివాళ్ళని అడిగితే సగం మంది మధ్యలో లేచి వెళ్ళిపోతారు, సగం ప్రశ్నలకి తెలీదంటారు. మీ డేటాలో రెండు వందల నలభై ఫారాలు, ఇరవై ప్రశ్నలు, ఒక్క ఖాళీ కూడా లేదు. ఇదెలా సాధ్యమైందో మా పిల్లలకి కూడా కాస్త చెప్పండి.’

‘నేనే పూరించాను సర్’ అన్నాను.

గదిలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. శ్యామ్ సుందర్ గారు మహిమా అన్నారు, గొంతు తగ్గించి. నేను ఆయన వైపు చూడలేదు. నూట ముప్పై ఏడో ఫారం నేనే రాసుకున్నానని చెప్పాను. ఇంకా చాలా ఉన్నాయని, గడువు దగ్గర పడిందని, షెడ్డు చుట్టూ తిరగలేక ఇంట్లో కూర్చుని టిక్కులు కొట్టానని, ఆడవాళ్ళకి ఇందులో ఏమీ తెలీదని చెప్పాను. ఎన్ని ఫారాలు అని అడిగారు సంజీవరావు గారు. గుర్తు లేదన్నాను. దీని పరిణామం ఏమిటో తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. దగ్గుకీ పనికీ సంబంధం లేదన్న మాట చెల్లదని, ఆ సారాంశం ఎవరి దగ్గరున్నా చెల్లదని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తానని, యూనివర్సిటీ తరఫున షెడ్ల యజమానులకి ఒక కాపీ పంపమని అడిగాను. ఆయన పెన్ను మూత పెట్టేశారు. కోపంగా లేరు, అలిసిపోయినట్టున్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

‘ఇంతకీ ఆ ఆడవాళ్ళకి జబ్బు చేస్తోందా, లేదా?’

‘చేస్తోంది సర్. లెక్క నా దగ్గర లేదు.’